సొంత డబ్బా వేరు, చాటింపు వేరు

ప్రశ్న:

అక్కా, నమస్తే. మాది ఉద్దానం ప్రాంతం, పలాసకి దగ్గర్లో చిన్న ఊరు. నాకు ముప్పై ఆరేళ్లు. ఫొటో స్టూడియో నడుపుతున్నాను. పెళ్లిళ్లు, ఫంక్షన్లు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, అదే మా జీవనం. 2018లో తిత్లీ తుఫాను వచ్చి వెళ్లాక కెమెరా పట్టుకుని మా తోటల్లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ చాలా తిరిగాను. ఆ మనుషులు చెప్పిన మాటలు మనసులోంచి పోక కథలు రాయడం మొదలుపెట్టాను. పోయిన ఏడాది పద్నాలుగు కథలు, నలభై ఫొటోలతో సొంత డబ్బుతో పుస్తకం వేశాను. 500 కాపీలకి 90 వేలు అయింది. వెల 200. శ్రీకాకుళంలో ఆవిష్కరణ సభ పెడితే పెద్దలందరూ బాగా మాట్లాడారు. అమ్ముడుపోయినవి 60. ఊరికే ఇచ్చినవి 130 దాకా ఉంటాయి. మిగతా 310 అటక మీద ఉన్నాయి. మా ఆవిడ ఏమీ అనదు గానీ అప్పుడప్పుడు అటక వైపు చూస్తుంది.

ఫేస్‌బుక్‌లో రాద్దామంటే సొంత డబ్బా కొట్టుకుంటున్నాడు అనుకుంటారేమోనని చెయ్యి రాదు. ఒక సభలో ఒక పెద్దాయన అందరి ముందూ 'పోతన భాగవతాన్ని అమ్ముకున్నాడా నాయనా' అన్నారు, ఆ రోజు నుంచి పుస్తకం సంచిలోంచి బయటికి తియ్యడమే మానేశాను. నేను తీసిన ఫొటో ఒకటి, కూలిపోయిన కొబ్బరితోటది, నా పేరు లేకుండా ఎవరో వాడేసుకున్నారు. పెళ్లిళ్ల సీజన్లో రాయడానికి కూర్చోవడమే కుదరదు. ఏం చెయ్యమంటారు? మీకో కాపీ పంపిస్తాను, అడ్రసు ఇవ్వండి, డబ్బులేం వద్దు.

సమాధానం:

తమ్ముడూ,

ముందు ఆ పుస్తకాలు అటక మీంచి దింపు. సముద్రం పక్క ఊరు, గాలిలో తేమ ఎక్కువ, ఆర్ట్ పేపరు మీద వేసిన ఫొటోలకి తేమ తగిలితే పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, విడదీస్తే బొమ్మ ఊడి వస్తుంది. చెదల సంగతి నీకు చెప్పక్కర్లేదు. బల్ల మీదో ఇనప ర్యాకులోనో, గోడకి తగలకుండా పెట్టు. ఓ పాతిక కాపీలు స్టూడియోకి పట్టుకెళ్లు. పాస్‌పోర్టు ఫొటోకి వచ్చినవాళ్లు ప్రింటు చేతికొచ్చేదాకా పది నిమిషాలు బెంచీ మీద కూర్చుంటారు కదా, ఆ బెంచీ మీద ఎప్పుడూ ఒక కాపీ ఉండాలి. అది నలిగిపోనీ, దాని పని అదే. మిగతావి కౌంటరు మీద, వెల పెద్ద అంకెల్లో రాసి, పక్కన నీ యూపీఐ స్కానర్. నువ్వు నోరు విప్పి ఒక్క మాట చెప్పక్కర్లేదు. మీ ఊళ్లో నీకు ఇంత మంచి పుస్తకాల షాపు ఉండగా శ్రీకాకుళం, విజయవాడ అంటూ వెతుక్కుంటున్నావు.

ఇప్పుడు లెక్క. ఇది మనసుకి కొంచెం కష్టంగా ఉంటుంది కానీ ఒకసారి చూసెయ్యడం మేలు. 90 వేలని 500తో భాగిస్తే ఒక్కో కాపీకి నీకు పడింది 180 రూపాయలు. వెల 200. షాపులవాళ్లు నలభై శాతం దాకా కమీషన్ అడుగుతారు, వాళ్ల అద్దెలు వాళ్లకి ఉంటాయి, తప్పు పట్టలేం. అంటే షాపులో ఒక కాపీ అమ్ముడైతే నీ చేతికి 120 వస్తుంది, అరవై రూపాయలు నష్టం. కాబట్టి ఈ ముద్రణ వరకు షాపుల వెంట తిరగొద్దు, నేరుగా నువ్వే అమ్ము. మిగిలిన 310 ఒక్కటీ వదలకుండా అమ్మినా 62 వేలు, ఇంతకుముందు వచ్చిన 12 వేలతో కలిపి 74 వేలు. ఇంకా 16 వేలు తక్కువ పడుతుంది. నువ్వు ఊరికే ఇచ్చిన 130 కాపీల వెల 26 వేలు. ఆ తేడా ఎక్కడ పోయిందో ఇక నేను చెప్పక్కర్లేదు. రెండో ముద్రణ వేస్తే ప్రింటింగ్ ఖర్చుకి కనీసం రెండున్నర రెట్లు వెల పెట్టు, లేదా ఫొటోలన్నీ కథల మధ్య చల్లకుండా ఒకే చోట పదహారు పేజీల కలర్ ఫారంగా వేయించు, ఖర్చు బాగా తగ్గుతుంది.

ఈ లెక్కంతా ఒక నోట్‌బుక్‌లో రాసి మీ ఆవిడకి చూపించు. ఆవిడ అటక వైపు చూసేది డబ్బు పోయిందని కాకపోవచ్చు, ఏం జరుగుతోందో తనకి ఎవరూ చెప్పలేదని కావచ్చు. నాకు తెలిసిన చాలా ఇళ్లలో పుస్తకం అచ్చయినట్టు ఆవిష్కరణ ఫొటోలు చూశాకే భార్యకి తెలుస్తుంది. ఎవరికి ఎన్ని కాపీలు వెళ్లాయి, డబ్బు ఎవరు ఇచ్చారు, ఎవరు ఇవ్వాలి, ఆ లెక్కల పుస్తకం ఆవిడ చేతిలో పెట్టి చూడు. ఆవిడకి ఇష్టమైతేనే.

ఇక ఆ పెద్దాయన మాట. నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. ఆ ఒక్క ప్రశ్నతో మన దగ్గర ఎంతమంది నోళ్లు మూయించారో నేను ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. పోతన గారు వద్దన్నది తన కావ్యాన్ని ఒక రాజుకి అంకితమిచ్చి ఆయన పెట్టే కూడు తినడాన్ని. కూళలకి కావ్యకన్యకనిచ్చి ఆ కూడు తినేకంటే హాలికులైతేనేమి అన్నాడని చెప్పుకుంటారు, అంటే నాగలి పట్టుకుని బతుకుతాను గానీ ఒకరి ప్రాపకంలో బతకనని. నీకు స్టూడియో ఉంది, అది నీ నాగలి. నువ్వు ఏ నాయకుడికీ పుస్తకం అంకితమివ్వలేదు, ఎవరి చెక్కు కోసమూ కథ మార్చలేదు. కష్టపడి సంపాదించుకున్న రెండు వందలు పెట్టి ఒక మనిషి నీ కథలు చదువుతానంటే, ఆ మనిషికీ పోతన గారు కాదన్న రాజుకీ ఏమిటి సంబంధం? ఇంకో సంగతి కూడా చూడు. భాగవతంలో స్కంధం ముగిసిన చోట గద్య ఉంటుంది, 'కేసనమంత్రి పుత్త్ర సహజపాండిత్య పోతనామాత్య ప్రణీతంబైన' అని. తండ్రి పేరు, తన పేరు, తన పాండిత్యం ఎలాంటిదో, అన్నీ ఆయనే స్వయంగా, మళ్లీ మళ్లీ చెప్పుకున్నాడు. ఎందుకంటే తాటాకు చేతులు మారుతుంది, ఎవరు రాశారో చెప్పకపోతే పోతుంది. నీ ఫొటోకి జరిగింది అదే కదా.

మనవాళ్లకి 'సొంత డబ్బా' అన్న మాట ఎంత తొందరగా నోటికొస్తుందో 'చాటింపు' అన్న మాట అంత తొందరగా రాదు. చిన్నప్పుడు మా ఊళ్లో చాటింపు వేసే ఆయన వచ్చేవాడు. వీధి మొదట్లో నిలబడి టముకు కొట్టి, రేపు పొద్దున్న ఫలానా చోట పశువులకి టీకాలు వేస్తారహో అని అరిచి, తర్వాతి వీధికి వెళ్లేవాడు. తను ఎంత బాగా కొడతాడో, ఎన్నేళ్లుగా కొడుతున్నాడో ఒక్కనాడూ చెప్పలేదు. ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, అంతే. ఆయన్ని ఎవరూ డబ్బా కొట్టుకుంటున్నాడు అనలేదు, ఆయన రాని రోజున మాత్రం కబురు తెలియలేదే అని తిట్టుకునేవాళ్లు. ఉద్దానం మీద, తిత్లీ మీద ఇలాంటి పుస్తకం ఒకటుందని ఉద్దానంలోనే ఎంతమందికి తెలుసు? తెలియనివాళ్లకి తెలియజెయ్యడం నీ పని. నీ గొప్ప చెప్పుకోవడం ఇష్టం లేకపోతే చెప్పకు, అవసరం కూడా లేదు. ఆ పుస్తకంలో ఉన్నవాళ్ల గురించి చెప్పు.

దీన్ని నేను ఎలా నేర్చుకున్నానో చెబుతాను. మాది బొబ్బిలి వైపు. గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ల మీద నేనూ నీలాగే సొంత డబ్బుతో ఫొటోల పుస్తకం వేశాను. పనస దుంగ ఒక్కటే తీసుకుని అందులోంచే కుండ, దండి, అన్నీ తొలిచే ఏకాండి వీణ అంటే నాకు ప్రాణం. రెండేళ్లు ఆదివారాలన్నీ అక్కడే గడిపాను. సభ మాత్రం టౌనులో, ఏసీ హాల్లో పెట్టాను. వేదిక మీద ఎనిమిది మంది, శాలువాలు, రెండున్నర గంటల ఉపన్యాసాలు. వీణ చేసే మనిషి ఒక్కరూ లేరు. ఆ రోజు పద్దెనిమిది కాపీలు పోయాయి, అవి కూడా చుట్టాలు కొన్నవే.

నాలుగు నెలల తర్వాత ఒక సాయంత్రం ఫొటోల ప్రింట్లు కొన్ని కవర్లో పెట్టుకుని పుస్తకాలతో గొల్లపల్లి వెళ్లాను. ఒక పెద్దాయనకి ఆయన ఫొటోయే ఇచ్చాను. నేల మీద కూర్చుని, రెండు పాదాల మధ్య దుంగ బిగించి, ఉలితో లోపల తొలుస్తున్న ఫొటో. ఆయన తన మొహం చూసుకోనే లేదు. ప్రింటు వెలుతురులోకి తిప్పి, కళ్లద్దాలు నుదుటి మీదికి జరిపి, బొటనవేలు ఉలి మీద పెట్టి, 'ఇది మా నాన్నదమ్మా' అన్నారు. పిడి మార్చారట మూడుసార్లు, ఇనుము మాత్రం అదే. ఆ ఉలి గురించి గంటసేపు చెప్పారు. నా పుస్తకంలో ఆ ఫొటో కింద 'పనిముట్లు' అని ఒక్క ముక్క ఉంది. రెండేళ్లు తిరిగాను, ఆ ఉలి ఎవరిదని ఒక్కసారి అడగలేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే పది వాక్యాలు రాసి, ఆయన ఒప్పుకున్నాక ఫొటోతో కలిపి ఫేస్‌బుక్‌లో పెట్టాను. పుస్తకం ఎక్కడ దొరుకుతుందో చివర ఒక లైను. అంతవరకు నేను పెట్టిన ఆవిష్కరణ ఫొటోలు, ప్రముఖుల ప్రశంసలు ఎవరూ పట్టించుకోలేదు. ఈ పోస్టు చూసి బొబ్బిలి వదిలి ఎక్కడెక్కడికో వెళ్లిపోయినవాళ్లు ఫోన్లు చేశారు. ఆ వారంలో పోయినన్ని కాపీలు అంతకుముందు నాలుగు నెలల్లో పోలేదు.

కాబట్టి నువ్వు కూడా ఆ నలభై ఫొటోలు తీసిన చోట్లకి మళ్లీ వెళ్లు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పడిపోయిన చెట్ల స్థానంలో నాటిన కొబ్బరిమొక్క కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది, అంటే ఇప్పుడు వాటిల్లో చాలావాటికి గెలలు వేలాడుతుంటాయి. అప్పుడు నిలబడ్డ చోటే నిలబడి, అదే మనిషిని, అదే వైపు నుంచి మళ్లీ తియ్యి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, మధ్యలో ఈ ఆరేడేళ్లూ ఆ ఇల్లు ఎలా గడిచిందో ఆ మనిషి ఎలా చెప్తే అలా రాయి. జీడితోట పోయినవాళ్లు బట్టీలో కూలికెళ్లారా, ఊరు వదిలి వెళ్లారా, కిడ్నీ జబ్బుకి డయాలసిస్‌కి తిరుగుతున్నారా. వారానికి ఒకటి చాలు. నలభై ఫొటోలంటే నలభై వారాలు, తొమ్మిది నెలలకి సరిపడా నీ దగ్గర సరుకుంది. రోజూ పోస్టు పెట్టాలి, రీల్ చెయ్యాలి అని టెన్షన్ పడకు. వంద మందిని ట్యాగ్ చెయ్యకు, గుడ్ మార్నింగ్ గ్రూపుల్లో కవరు పేజీ పడెయ్యకు.

పోస్టు ఎలా ఉండాలి అంటే, నీ ఉత్తరంలో లేనిది నేను ఊహించి ఒకటి రాస్తున్నాను, వరస కోసం మాత్రమే: 'ఈ మామ్మ కూర్చున్నది పడిపోయిన చెట్టు మొద్దు మీద. వాళ్ల మామగారు నాటిన చెట్టట. ఆ రోజు ఏటి తియ్యడానికొచ్చావు బావూ, ఏటి మిగిలిందని తీస్తావు అంది. నాకు ఏం చెప్పాలో తెలీక పక్కన కూర్చున్నాను. మొన్న మళ్లీ వెళ్తే బొండం కొట్టి ఇచ్చింది, కొత్త చెట్టుది. మామ్మ కథ నా పుస్తకంలో ఆరోది. పుస్తకం కావాలంటే ఈ నంబరుకి వాట్సాప్ చెయ్యండి, 200 రూపాయలు, పోస్టు ఖర్చు వేరు.' ఇంతే. ఇందులో నీ పొగడ్త ఎక్కడుంది? వెల దగ్గరికొచ్చేసరికి మాత్రం నసగొద్దు. 'ఆసక్తి ఉన్నవారు', 'మీకు తోచినంత', 'వీలైతే' లాంటివి రాస్తే కొనాలనుకున్నవాళ్లు కూడా ఆగిపోతారు.

ఇవి చదివేది ముఖ్యంగా ఎవరనుకుంటున్నావు? మీ ఊళ్లోనే ఉన్నవాళ్లకంటే ఊరు వదిలినవాళ్లు. విశాఖ, హైదరాబాద్, చెన్నై, గల్ఫ్, అండమాన్, సిక్కోలు మనిషి లేని చోటు ఉందా? ప్రతి ఊరికీ వాట్సాప్ గ్రూపు ఉంటుంది, అందులో సగంమంది బయటే ఉంటారు. వాళ్లకి తమ తోట, తమ వీధి కనబడాలి. పెద్ద పత్రికలో సమీక్ష రావడం మంచిదే, నేనూ సంతోషపడతాను, కానీ ఒక ఊరి గ్రూపులో 'ఇది మా బాబాయ్ ఫొటోరా' అని ఒకరు పెడితే పోయే కాపీలు సమీక్షతో పోవు.

ఉచిత కాపీల గురించి కూడా తేల్చేద్దాం. కొన్ని ఇవ్వాల్సిందే. మొట్టమొదట నీ ఫొటోల్లో ఉన్నవాళ్లకి, ఇంటింటికీ వెళ్లి, చేతికి. నూట ముప్పైలో వాళ్లకి ఎన్ని వెళ్లాయో నువ్వు రాయలేదు, నాకు అనుమానంగానే ఉంది. చదవడం రాకపోయినా ఇవ్వు, వాళ్ల పిల్లలు చదివి వినిపిస్తారు, కూడా ఒక లామినేషన్ ప్రింటు ఇవ్వు. తర్వాత శ్రీకాకుళంలో కథానిలయానికి. తెలుగు కథ ఎక్కడ అచ్చయినా ఒక చోట ఉండాలని కాళీపట్నం రామారావు గారు 1997లో మొదలుపెట్టిన చోటు అది, మీ జిల్లాలోనే ఉండగా నీ పద్నాలుగు కథలు అక్కడ లేకపోతే ఎలా? మీ మండలంలో శాఖా గ్రంథాలయానికి రెండు. నువ్వు ప్రచురణకర్తవి కూడా కాబట్టి 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన ముప్పై రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరాకి, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకి ఒక్కో కాపీ నీ ఖర్చుతో పంపాలి. ఇది చాలామంది మన రచయితలు చెయ్యరు. గడువు దాటినా పంపెయ్యి, నువ్వూ నేనూ పోయాక కూడా అక్కడ ఒకటి ఉంటుంది. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టే అంతర్జాతీయ నంబరు, తీసుకోకపోతే రెండో ముద్రణకి తీసుకో, రాజా రామ్మోహన్ రాయ్ పేరిట ఉన్న జాతీయ ఏజెన్సీ ఆన్‌లైన్లోనే ఇస్తుంది, దానికి రుసుము లేదు, మధ్యవర్తులకి వేలు పొయ్యకు.

వీళ్లు కాక, పెళ్లిలో కలిసినప్పుడు భుజం మీద చెయ్యేసి 'మాకో కాపీ ఇవ్వవేటి' అనేవాళ్లు ఉంటారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు, పుస్తకానికి డబ్బు ఇవ్వాలన్న ఆలోచన వాళ్లకి తట్టదు, అంతే. ఆల్బమ్‌కి అడ్వాన్సు అడిగేటప్పుడు నీకు సిగ్గు వెయ్యదు కదా, అదే గొంతుతో 'రెండు వందలన్నా, ఇదిగో స్కానర్, సంతకం పెట్టి ఇస్తాను' అను. నవ్వుతూనే అను. మొదటి నాలుగైదుసార్లు గొంతు పట్టేస్తుంది. తర్వాత అలవాటవుతుంది. కొన్నవాళ్లు చదువుతారు కూడా, ఊరికే తీసుకున్నవాళ్లలో చదివినవాళ్లని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ఫొటో సంగతి. నాకూ జరిగింది. వీణ తొలిచే చేతుల ఫొటో ఒక సంస్థ కేలండర్లో చూశాను, పేరు లేదు, అడగలేదు. మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. తర్వాత ఒరిజినల్ ఫైలు ఉన్నట్టు స్క్రీన్‌షాట్, తీసిన తేదీ, నా పుస్తకంలో అది ఉన్న పేజీ, అన్నీ పెట్టి మర్యాదగా ఒక ఉత్తరం రాశాను: ఇది నాది, ఇంత రుసుము, మరుసటి ముద్రణలో పేరు వెయ్యాలి. డబ్బు ఆలస్యంగా, అడిగినదాంట్లో సగం వచ్చింది. పేరు మాత్రం వేశారు. నువ్వూ అలాగే రాయి, ఫేస్‌బుక్‌లో తిట్టిపొయ్యడం రెండో మెట్టు, మొదటిది కాదు. చట్టం నీ వైపు ఉంది. మన కాపీరైటు చట్టంలో ఫొటో తీసినవాడే దాని కర్త, రిజిస్టర్ చేయించుకోకపోయినా హక్కు ఉంటుంది, 2012 సవరణ తర్వాత కథకి ఉన్నట్టే ఫొటోకి కూడా కర్త జీవితకాలం, ఆపైన అరవై ఏళ్లు. కెమెరాలోంచి వచ్చిన అసలు (రా) ఫైళ్లు రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో పెట్టు. నెట్‌లో పెట్టేవి చిన్న సైజులో, పేరు మూలన కాకుండా బొమ్మకి అడ్డం రాని చోట కొంచెం లోపలికి వెయ్యి, కత్తిరించడానికి వీల్లేకుండా.

కానీ అదే చట్టంలో ఇంకో మాట ఉంది, స్టూడియోవాళ్లు చాలామందికి తెలీదు. డబ్బు తీసుకుని ఒకరి కోసం తీసిన ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. అంటే పెళ్లి ఫొటోలు నీ పేజీలో పెట్టి స్టూడియోకి ప్రచారం చేసుకోవాలంటే వాళ్లని అడగాలి. బిల్లు పుస్తకంలోనే ఒక లైను వేయించి సంతకం తీసుకో. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఒక ఆడపిల్ల పెళ్లి ఫొటో ఆమెకి తెలియకుండా నీ పేజీలో ఉంటే, నీ తోట ఫొటో పోయినప్పుడు నీకు ఎలా అనిపించిందో వాళ్లకీ అలాగే ఉంటుంది.

రాయడానికి టైము గురించి అడిగావు. నీ వృత్తికి ఉన్నంత మంచి కేలండర్ ఇంకే రచయితకీ లేదు తమ్ముడూ. ఉద్యోగస్తుడికి ఏడాదంతా ఒకేలా ఉంటుంది. నీకు మూఢం వస్తే పెళ్లిళ్లు ఆగిపోతాయి, ఆషాఢంలో ఉండవు, ధనుర్మాసంలో ఉండవు. ఉగాదికి పంచాంగం రాగానే ముహూర్తాలు ఎర్ర సిరాతో గుర్తుపెట్టుకుంటావు కదా, ఆ పక్కనే ముహూర్తాలు లేని వారాలు నీలం సిరాతో గుర్తుపెట్టు, అవి కథలవి. సీజన్లో కథ రాయాలని పంతం పట్టకు. రాత్రి రెండింటికి రిసెప్షన్ నుంచి వచ్చి, మెమరీ కార్డులు కాపీ పెట్టి కూర్చునేటప్పుడు, ఆ ఇరవై నిమిషాల్లో ఆ రోజు విన్న ఒక్క మాట రాసుకో చాలు. వంటల దగ్గర, బ్యాండువాళ్ల దగ్గర, పెళ్లికూతురు గదిలో తలుపు పక్కన, ఫొటోగ్రాఫర్ విన్నన్ని మాటలు ఎవరూ వినరు. పేర్లు మార్చి, ఊరు మార్చి, కొన్నేళ్లు పోయాక వాడుకుందువుగాని.

ఇంకొకటి గమనించావా, హైదరాబాద్ బుక్ ఫెయిర్ డిసెంబర్లో, విజయవాడ పుస్తక మహోత్సవం జనవరి మొదట్లో వస్తాయి. రెండూ ధనుర్మాసంలోనే. నీకు పెళ్లిళ్లు లేని రోజులు. సొంత స్టాల్ తీసుకోవద్దు, అద్దె గిట్టదు. నీలాంటివాళ్లు నలుగురైదుగురు కలిసి తీసుకున్న స్టాల్లో అరబల్ల అడుగు, లేదా ఉత్తరాంధ్ర పుస్తకాలు పెట్టేవాళ్లని అడుగు. రెండు రోజులే వెళ్లు, శని ఆదివారాలు. బల్ల మీద పుస్తకాల దొంతర కంటే వెనక కట్టిన తాడుకి బట్టల క్లిప్పులతో వేలాడదీసిన పది పెద్ద ప్రింట్లు మనుషుల్ని ఆపుతాయి. ఆగినవాళ్ల మీద పడిపోకుండా, వాళ్లు ఏ ఫొటో చూస్తున్నారో చూసి ఆ ఫొటో గురించి ఒక్క ముక్క చెప్పు. మిగతాది వాళ్లే అడుగుతారు. ప్రింట్లు కూడా అమ్ము. స్టూడియో నీదే, పేపరు నీదే, కథ చదవనివాళ్లు కూడా ప్రింటు కొని గోడకి పెట్టుకుంటారు.

అంతకంటే ముందు మీ ఊళ్లోనే ఒక సాయంత్రం పెట్టు. సభ కాదు, వేదికా మైకూ వద్దు. రామకోవెల దగ్గర, వీలైతే తోటలోనే, చెట్టుకీ చెట్టుకీ మధ్య తాడు కట్టి నలభై ఫొటోలూ వేలాడదియ్యి. ఫొటోల్లో ఉన్నవాళ్లని రమ్మను. ఒక కథ పైకి చదువు, పది నిమిషాల్లో అయిపోయేది. టీ, పకోడీ. శ్రీకాకుళం హాలుకీ, శాలువాలకీ, ఫ్లెక్సీకీ అయిన ఖర్చులో పదో వంతు కూడా కాదు. ఆ పెద్దాయన్ని కూడా పిలువు, మనస్ఫూర్తిగానే చెబుతున్నాను. నువ్వు తీసిన మనుషుల మధ్య నిలబడి నీ పుస్తకం చూస్తే ఆయన ఇంకోలా మాట్లాడతారని నా నమ్మకం.

పోస్టులో పంపేవాటికి, 2025 మే 1 నుంచి తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ అని మొదలుపెట్టింది, పుస్తకాల కోసమే. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, అయిదు కిలోల దాకా వెళ్తే 100, పైన పన్ను. కొరియర్ కంటే ఆలస్యమవుతుంది కానీ ట్రాకింగ్ ఉంటుంది. మీ పోస్టాఫీసులో నీ పుస్తకం తూకం వేయించి ఆ అంకె రాసి పెట్టుకో, అడిగినవాళ్లకి వెంటనే చెప్పొచ్చు. అట్ట మూలలు నలగకుండా పాత ఆల్బమ్ అట్టలు కత్తిరించి రెండు వైపులా పెట్టు, అవి నీ దగ్గర బోలెడు ఉంటాయి.

నాకు ఊరికే పంపుతానన్నావు. వద్దు. నేను నీ ఫొటోల్లో లేను, గ్రంథాలయాన్నీ కాదు. పోస్టు ఖర్చుతో కలిపి ఎంతో చెప్పి నీ స్కానర్ పంపు, రెండు కాపీలు కావాలి, ఒకటి మా మేనకోడలికి. సంతకం పెట్టు. ఆ తోటకి మళ్లీ వెళ్లి తీశాక, కొత్త ఫొటో 5×7 ప్రింటు కూడా వెయ్యి, దానికీ వెల రాయి.